బడి కబురు ఇల్లు చేరవలెను



కొడంగల్ పరిసర గ్రామములలో ఫాల్గుణ మాసము వచ్చునప్పటికి కందిచేల కోతలు ముగిసి, కందులు తాండూరు మార్కెట్టుకు చేరియుండును. మోదుగులు పూచును, వేపలు చిగిర్చును, చెరువులలో నీరు అడుగంటును. చేనిలో పని తరిగి, పెండ్లిండ్లు, జాతరలు పెరుగును. ఇంటి పెద్దలకు ఇది ఒక పంట ముగించి మరొక పంటకు ఎదురుచూచు కాలము. బడికి మాత్రము ఇది ఏడాదిలో ముఖ్యమైన కాలము. సేద్యమునకు కళ్ళము ఎట్టిదో, చదువునకు మార్చి, ఏప్రిల్ నెలలు అట్టివి. పండిన గింజ గాదెకు చేరుటయో, నేలపాలగుటయో కళ్ళముననే తేలును. కళ్ళము వేళ ఏ రైతును ధాన్యమును విడిచి పోడు. కాని తమ బిడ్డ చదువు కళ్ళమునకు వచ్చిన సంగతి ఎన్నో ఇండ్లకు తెలియుటయే లేదు.

ఈ కాలమున ప్రాథమిక పాఠశాలలో జరుగు మార్పులు ఒకటి రెండు కావు. తెలంగాణములో ఇటీవలి సంవత్సరములలో మార్చి నెల నడిమి నుండి ఒంటిపూట బడులు నడచుచున్నవి. ఉదయము 8 గంటలకు మొదలైన బడి 12.30 గంటలకు ముగియును. అటుపిమ్మట పిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టుదురు. పదవ తరగతి పరీక్షలకు కేంద్రములైన చోట్ల ఆ దినములలో చిన్న తరగతులు మధ్యాహ్నము నడచును. ఏప్రిల్ నెలలో సంవత్సరాంత పరీక్షలు జరుగును. ఆ నెల నాలుగవ వారమున ప్రగతి పత్రములు ఇచ్చి సెలవులు ప్రకటింతురు. జూన్ 12న బడులు మరల తెరచుచున్నారు. ఐదవ తరగతి ముగించిన బిడ్డ పెద్దబడికి పోవలెనన్న బదిలీ పత్రము, అనగా జనులు టీసీ అను కాగితము, తీసికొనవలసియుండును. నాలుగవ తరగతి బిడ్డలకు గురుకులములలో ఐదవ తరగతి ప్రవేశమునకై పెట్టు పరీక్ష సాధారణముగా ఫిబ్రవరి నెలలోనే జరిగిపోవును. దాని దరఖాస్తు గడువు అంతకు ముందే తీరును.

ఇవి వినుటకు చిన్న సంగతులు. తెలియకపోయిన కలుగు నష్టము చిన్నది కాదు. ఒంటిపూట బడి మొదలైనట్లు తెలియని తల్లి ఎప్పటివలె తొమ్మిది గంటలు దాటిన పిమ్మట బిడ్డను పంపును. పాఠము సగము గడచియుండును. నాలుగు దినములు ఇట్లు జరిగిన పిమ్మట, “ఈ నెల పోయిననేమి, పోకున్ననేమి” అను మాట ఇంటిలో పుట్టును. మధ్యాహ్నమే బడి విడుతురని తెలియక తలుపునకు గొళ్ళెము పెట్టి కూలికి పోయిన ఇంటి బిడ్డ ఎండలో బావిగట్టునను, చెరువుగట్టునను తిరుగును. తాండూరు దిక్కున నీరు నిలిచిన నాపరాతి గుంతలు గలవు. అవి పిల్లలు ఆడుకొనదగిన చోట్లు కావని వేరుగ చెప్పనక్కరలేదు.

వలసపోవు కుటుంబముల నష్టము ఇంకను పెద్దది. పాలమూరు కూలీ అను పేరు దేశమంతట వినబడినదే. కొడంగల్ సీమ గ్రామముల నుండి, తండాల నుండి ఎందరో తాండూరులో రైలెక్కి బొంబాయి, పూనా నగరములకు కట్టడపు పనులకై పోవుచున్నారు. అట్టి కుటుంబమొకటి ఎట్లు ఆలోచించునో చూడుడు. కూతురు నాలుగవ తరగతి, కొడుకు రెండవ తరగతి. ఉగాదికి ముందు మేస్త్రీ వద్ద నుండి పిలుపు వచ్చును. బడిలో చెప్పవలెనని ఎవరికిని తోచదు. పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరుదురు. వానలకు తిరిగి వచ్చునప్పటికి, పరీక్షలు వ్రాయలేదు గనుక పేర్లు కొట్టివేసియుందురని, కాగితము లేనిదే చేర్చుకొనరని, పంతులు కోపించునని తమకు తామే తలంచి బడి గడప తొక్కరు. కొడుకును మరుసటి ఏడు ఎట్లో చేర్పింతురు. కూతురు ఇంటిపని చూచుకొనుచు ఉండిపోవును. ఆమెను ఎవరును బడి మాన్పింపలేదు. ఆమె ఇంటికి ఎవరును కబురు చెప్పలేదు, జరిగినది అంతే.

ఆ తల్లిదండ్రుల తలంపు తప్పని చెప్పుటకు చట్టమే కలదు. బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టము 2009లో ఆమోదము పొంది, 2010 ఏప్రిల్ 1న, సరిగా ఈ వసంతకాలముననే, అమలునకు వచ్చినది. ఆరు మొదలు పదునాలుగేండ్ల వయస్సు గల ప్రతి బిడ్డకును అది వర్తించును. ఒక బడి నుండి మరొక ప్రభుత్వ బడికి మారగోరిన బిడ్డకు ప్రధానోపాధ్యాయుడు వెంటనే బదిలీ పత్రము ఇయ్యవలెను. ఆ పత్రము రాలేదని చేర్చుకొనుటలో జాగు చేయరాదు. వయస్సు నిరూపించు కాగితము లేదని ప్రవేశము నిరాకరింపరాదు. గడువు దాటిన పిమ్మట వచ్చినను త్రోసిపుచ్చరాదు. నడుమ చదువు ఆగిన బిడ్డను వయస్సునకు తగిన తరగతిలో చేర్చుకొని, తోటివారితో సమానముగ నిలుచుటకు ప్రత్యేక శిక్షణ ఇయ్యవలెను. ఈ నాలుగు మాటలను ఫాల్గుణములోనే ఆ ఇంట ఎవరైన చెప్పియుండిన, జూన్ నెలలో ఆ బాలిక ఐదవ తరగతిలో కూర్చుండియుండెడిది.

కబురు చెప్పుట ఉపాధ్యాయుని దయ కాదు. అతని విధులలో నొకటి. తల్లిదండ్రులతో క్రమము తప్పక సమావేశమై, బిడ్డ హాజరు ఎట్లున్నదో, నేర్చుకొను శక్తి ఎట్లున్నదో, చదువున ఎంత ముందునకు వచ్చెనో తెలుపవలెనని ఆ చట్టపు 24వ విభాగము చెప్పుచున్నది. 21వ విభాగము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో, సంరక్షకులో ఉండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. 2024లో తెలంగాణ ప్రభుత్వము గ్రామ మహిళాసంఘముల వారితో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ఏర్పరచినది. కావున బడి సంగతి అడుగుటకు వెళ్ళు తల్లి పరాయి వాకిట నిలిచినట్లు సంకోచింపనక్కరలేదు.

కూలివారికి చదువుపై శ్రద్ధ లేదని కొందరు తేలికగ అందురు. ఆ మాట నిజము కాదని పొరుగుననే తేలినది. వికారాబాదు, తాండూరు ప్రాంతములు కూడ 2016 వరకు రంగారెడ్డి జిల్లాలోనివే. ఆ జిల్లాలో 1991 నుండి మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ వారు శాంతా సిన్హా నాయకత్వమున, పనులలో మగ్గుచున్న బాలబాలికలను శిబిరములకు చేర్చి, చదువు నేర్పి, వయస్సునకు తగిన తరగతులలో చేర్పించిరి. బడికి పంపుడని అడిగి, చేర్చు విధము చెప్పి, వెంట నడచినవారు దొరికిన పిమ్మట బీద తల్లిదండ్రులే పిల్లలను పంపిరి. ఆ కృషికి గుర్తుగ 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసె పురస్కారము లభించినది.

అయితే ఒక చీటి వ్రాసి బిడ్డ చేతికిచ్చినంతనే కబురు చేరినట్లు కాదు. కొడంగల్ 1956 వరకు గుల్బర్గా జిల్లాలోనిది. అటుపిమ్మట మహబూబ్‌నగరు జిల్లాలో చేరి, 2016 అక్టోబరు 11 నుండి వికారాబాదు జిల్లాలో నున్నది. ఈ ఎల్లసీమలో తెలుగు, కన్నడము, ఉర్దూ, లంబాడీ మాటలు ఒకే సంతలో వినబడును. నిజాము కాలమున ప్రభుత్వ బడులలో ఉర్దూకే పెద్దపీట. ఇంటి మాట ఒకటి, బడి మాట మరొకటిగ నుండెను. నేడు బడి తెలుగున, ఆంగ్లమున నడచుచున్నను, తండాలోని ముసలమ్మకు ఆ చీటి చదువువారు కావలెను. ఫోనులో సందేశము పంపుట మంచిదే. కాని ఫోను తండ్రి జేబులో బొంబాయిలో నుండును. బిడ్డ నాయనమ్మ చెంత తండాలో నుండును.

కావున కబురు నోటిమాటగ, ఇంటివారి భాషలో, తగిన వేళకు చేరవలెను. ఆ వేళలను పల్లె ప్రజలెరిగిన దినములతో ముడివేయుట సులభము. శివరాత్రి నాటికి ఒంటిపూట బడి వేళలు తెలుపవలెను. వలసపోవు వారెవరో కనుగొని, పిల్లలను బంధువుల ఇంట విడిచి పోగలరేమో అడుగవలెను. తీసికొనిపోక తప్పనిచో పత్రము ముందే ఇప్పింపవలెను. ఉగాది నాటికి పరీక్షల తేదీలు, సెలవుల తేదీలు తెలుపవలెను. ప్రగతి పత్రము ఇచ్చు దినమున ప్రతి ఇంటి నుండి ఒకరు బడికి రావలెను. మార్కుల కంటె ముందుగ వారు మూడు ప్రశ్నలడుగవలెను: బిడ్డ పుస్తకము తడబడక చదువుచున్నదా? కూడిక, తీసివేత చేయగలదా? ఏడాదిలో ఎన్ని దినములు బడి మానినది? మృగశిర కార్తె ప్రవేశించిన నాలుగైదు దినములకు బడి తెరచును గనుక, విత్తనములు సిద్ధపరచు వారమే పలక, పుస్తకముల సంచి కూడ సిద్ధపరచవలెను.

ఉగాది నాడు గ్రామమంతయు ఒకచోట చేరి పంచాంగ శ్రవణము చేయు ఆచారము పురాతనమైనది. వానలెట్లుండునో, ఆదాయవ్యయములెట్లుండునో పురోహితుడు చదువగ అక్షరము రానివారును శ్రద్ధతో విందురు. ఇంటికిపోయి మరల చెప్పుకొందురు. ఆ సభయందే, పంచాంగము ముగిసిన పిమ్మట, ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినియో లేచి బడి పంచాంగమును చదివిన ఎంతయో మేలు. పావుగంట చాలును. ఆ సభకు రాని వాడలకు, తండాలకు అదే వారమున ఒకరు వెళ్ళి చెప్పవలెను. ఏ వాడయు మరుగున పడరాదు.

ఇందు గ్రంథాలయమునకును పని కలదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటి నుండి తెలంగాణమున గ్రంథాలయమనగా పుస్తకములు దాచు గది మాత్రమే కాదు. చదువ వచ్చినవాడు చదువ రానివానికి లోకమును తెలియజేయు చోటు. రజతోత్సవము జరుపుకొను గ్రామ గ్రంథాలయము తన వాకిట ఒక నల్లబల్ల నిలిపి, బడి సంగతులను పెద్ద అక్షరములతో వ్రాయింపవచ్చును. సాయంకాలము పత్రిక చదువువారు ఆ బల్లను కూడ బిగ్గరగ చదువవచ్చును. దరఖాస్తు వ్రాయలేనివారికి వ్రాసిపెట్టవచ్చును. వేసవి మధ్యాహ్నములలో తలుపులు తెరచియుంచిన, ఒంటిపూట బడి విడిచిన పిల్లలకు నీడయు, కథల పుస్తకములును దొరకును. చందాదారుడొక్కొక్కడు ఐదిండ్ల బాధ్యత వహించిన కబురు చేరని ఇల్లుండదు.

ఇరువదియైదేండ్లు ఒక గ్రంథాలయమును నిలుపుకొన్న గ్రామమునకు ఈ పని కష్టమైనది కాదు. రాబోవు జూన్ నెల 12వ తేదీన బడి హాజరుపట్టీ తెరచి చూడుడు. ఫాల్గుణములో అందున్న పేర్లన్నియు ఈ బడిలోనో, పై బడిలోనో, వలసపోయిన చోటి బడిలోనో పలికినచో, ఈ వసంతమున కబురు ఇల్లు చేరినట్లే.