పాడవని పెట్టె పనికిరానిదైతే

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువుల గురించో, వైద్య సహాయం గురించో నాలుగు మాటలు చెబుతానని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి నాకంటె బాగా చెప్పగల పెద్దలు ఈ వేదికమీదే ఉన్నారు. నేను మాట్లాడబోయేది మన ఇళ్లలో గోడకు తగిలించిన టీవీ గురించి. నవ్వకండి. చిన్న విషయంలా కనబడుతుంది గాని, దీని వెనక మన కష్టార్జితమూ ఉంది, మన ముసలివాళ్ల మనసూ ఉంది.

మా ఆపా సంగతితో మొదలుపెడతాను. డెబ్బయి దాటిన మనిషి. కొడుకు కువైట్‌లో ఉద్యోగం. 2016లో సెలవుకు వచ్చినప్పుడు తల్లికి ఒక స్మార్ట్ టీవీ కొనిపెట్టాడు. రిమోట్ బొమ్మ కాగితం మీద గీసి, ఏ మీట నొక్కితే ఏమొస్తుందో గుర్తులు పెట్టి వెళ్లాడు. రంజాన్ నెలలో మక్కా నుంచి వచ్చే తరావీహ్ నమాజు ఆ టీవీలోనే చూసేది. మిగతా రోజుల్లో పాత సినిమాలు, మనవరాలి స్కూలు వేడుకలు. కిందటేడాది ఒక సాయంత్రం ఆ మీట నొక్కితే తెరమీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు వచ్చాయి. ఈ పరికరంలో ఈ యాప్ ఇకమీదట పనిచేయదని వాటి అర్థం.

మూడు రోజులు ఆమె ఎవరికీ చెప్పలేదండి. తానే ఏదో తప్పు మీట నొక్కి పాడుచేశాననుకుంది. "వాడు ఎండలో కష్టపడి కొన్నదిరా తమ్ముడూ, నా చేతుల్లో పోయింది" అని నాతో అన్నప్పుడు ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. షాపుకి వెళ్లి అడిగితే, "పాత మోడలండీ, రిపేరు లేదు, కొత్తది తీసుకోండి" అన్నారు.

ఇంటికొచ్చి చూశాను. బొమ్మ శుభ్రంగా ఉంది. మాట స్పష్టంగా ఉంది. కేబులు చానెళ్లన్నీ వస్తున్నాయి. మరి చచ్చిపోయింది ఏమిటి? ఈ ప్రశ్న పట్టుకుని, తెలిసిన కుర్రాళ్లను అడిగి, కొంత చదివి తెలుసుకున్నదే ఇవాళ మీకు మనవి చేస్తున్నాను.

విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరులో మొదలైంది. ఆ రోజుల్లో రేడియో పని ఒక్కటే. కేంద్రం పంపింది పట్టుకోవడం. తరవాత గల్ఫు నుంచి మనవాళ్లు టూ ఇన్ వన్‌లు తెచ్చారు. ఉత్తరం రాయడం రానివాళ్లు క్యాసెట్‌లో మాట్లాడి పంపేవారు. బెల్టు వదులైతే మెకానిక్కు కొత్త బెల్టు వేసేవాడు. చెడిపోయిందేమిటో కంటికి కనబడేది.

స్మార్ట్ టీవీ అలా కాదు. అది టీవీ వేషం వేసుకున్న చిన్న కంప్యూటరు. మనం యాప్ తెరిచినప్పుడల్లా అది దూరాన ఉన్న కంపెనీ కంప్యూటర్లను పలకరిస్తుంది. అవి బదులిస్తేనే మనకు బొమ్మ. బదులు ఆగడానికి కారణాలు ముఖ్యంగా నాలుగు. మొదటిది, టీవీ కంపెనీ లోపలి సాఫ్ట్‌వేరుకు మార్పులు పంపడం మానేస్తుంది. పాత సాఫ్ట్‌వేరు వాడేవాళ్లు తగ్గారని యాప్ కంపెనీ కూడా దానికోసం శ్రమపడడం మానేస్తుంది. రెండోది, యాప్‌లు ఏటేటా బరువెక్కుతాయి, పాత టీవీ మెమరీ చాలదు. మూడోది, వీడియోను కుదించి పంపే పద్ధతి మారుతుంది, పాత చిప్పుకు కొత్త పద్ధతి అర్థం కాదు. నాలుగోది, "నేను అసలైన పరికరాన్నే" అని చూపించే డిజిటల్ గుర్తింపు పత్రానికి గడువు తీరిపోతుంది.

ఈ నాలుగోదానికి ఒక ఉదాహరణ. గూగుల్ సంస్థ 2015లో విడుదల చేసిన రెండో తరం క్రోమ్‌కాస్ట్ అనే పరికరాలు 2025 మార్చిలో ఒక్కసారిగా ప్రపంచమంతటా మొరాయించాయి. లోపలి గుర్తింపు పత్రానికి పదేళ్ల గడువు ముగియడమే కారణం. కంపెనీ కొద్ది రోజుల్లో సరిదిద్దింది. తలుచుకుంటే సరిదిద్దడం సాధ్యమేనని దీనివల్ల తెలిసింది.

ఇది మా ఆపా ఒక్కరికి వచ్చిన కష్టం కాదు. 2012లోనూ అంతకుముందూ తయారైన అనేక టీవీల్లో యూట్యూబ్ యాప్ 2015లో ఆగింది. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ కొన్ని పాత టీవీలకు సెలవు చెప్పింది. ఫోన్లదీ ఇదే కథ. జియోఫోన్‌లోకి వాట్సాప్ 2018లో వచ్చినప్పుడు, గల్ఫులో బిడ్డలున్న తల్లులు ఎంత సంతోషించారో మీకు తెలుసు. 2024 జూన్ నుంచి అందులో వాట్సాప్‌ను కొత్తగా ఎక్కించుకునే వీలు పోయింది. 2025లో అంతకుముందు ఎక్కించుకున్నవాళ్లకూ ఆగింది.

కంపెనీల వాదన కూడా వినాలి. పాత సాఫ్ట్‌వేరులో దొంగలు దూరే కన్నాలుంటాయి, వాటిని ఎల్లకాలం పూడ్చడానికి ఖర్చవుతుంది. ఒప్పుకుంటాను. నా ఫిర్యాదు వేరు. మందుబిళ్లల అట్ట మీద గడువు తేదీ ఉంటుంది. రొట్టె ప్యాకెట్టు మీద కూడా ఉంటుంది. వేలకు వేలు పోసి కొనే టీవీ పెట్టె మీద, "ఇన్నేళ్ల వరకు యాప్‌లు నడుస్తాయి" అని ఎందుకు రాయరు?

కొన్ని దేశాలు ఈ విషయంలో కదిలాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇంటర్నెట్‌కు తగిలించే గృహ పరికరాలకు భద్రతా మార్పులు ఎంతకాలం పంపుతారో తయారీదారు బయటపెట్టాలి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త ఫోన్ల నమూనాలకు, అమ్మకం ఆపిన తరవాత కూడా కనీసం ఐదేళ్లు సాఫ్ట్‌వేరు మార్పులు అందించాలన్న నియమం వచ్చింది. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ ప్రారంభించింది. మొదటి అడుగు పడింది, నడక మిగిలి ఉంది.

ఇక మనం చేయగలిగింది.

యాప్ ఆగితే ముందు మిమ్మల్ని మీరు నిందించుకోకండి. సెట్టింగుల్లోకి వెళ్లి కొత్త సాఫ్ట్‌వేరు ఉందేమో చూడండి. లేకపోతే టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే చిన్న స్టిక్కు ఒకటి తగిలిస్తే చాలు. మా ఆపాకు అదే చేశాం. కొత్త టీవీ ధరలో పదో వంతు కూడా కాలేదు. రేపు ఆ స్టిక్కు పాతబడినా, మార్చేది స్టిక్కునే, టీవీని కాదు.

కొనేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఏ ఏడాది మోడలు? లోపలి సాఫ్ట్‌వేరు ఎన్నో వెర్షను? ఎన్నేళ్లు మార్పులు పంపుతారు? జవాబు బిల్లు మీద రాయించుకోండి. పండగ తగ్గింపులో వచ్చేది పాత సరుకు కావచ్చు. మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

భద్రతా మార్పులు ఆగిపోయిన ఫోనులో బ్యాంకు లావాదేవీలు పెట్టుకోకండి. అందులోని ఫొటోలు, మాటల రికార్డులు ముందే వేరే చోట దాచుకోండి. పోయినవాళ్ల గొంతు మళ్లీ దొరకదు కదా!

నిజంగా పనికిరాని సామాను కాలవలో పడేయకండి, రాగి కోసం తీగలు కాల్చకండి. ఆ నీరే మన పొలాలకు వెళ్తుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం, ఇటువంటి చెత్తను తగిన పద్ధతిలో వదిలించే బాధ్యత తయారీదారుల మీద ఉంది.

చివరగా సంఘానికి రెండు సూచనలు. నెలకొక ఆదివారం మన హాలులో తెలిసిన కుర్రాళ్లిద్దరు ఒక బల్ల వేసుకుని కూర్చోవాలి. కులమతాలతో పని లేకుండా ఎవరు వచ్చినా ఫోనూ టీవీ కష్టం విని, కొనాలో అక్కర్లేదో నిజం చెప్పాలి. దీనికి డబ్బు అక్కర్లేదు, ఓపిక కావాలి. రెండోది, గడువు తేదీ పెట్టె మీదే అచ్చువేయాలని కోరుతూ ప్రభుత్వానికి ఒక వినతిపత్రం పంపాలి. మొదటి సంతకం నాది.

మా మనవడు స్టిక్కు రిమోట్‌కు కొత్త బొమ్మ గీసి ఇచ్చాడు. ఆపా ఆ కాగితం చేతిలో పట్టుకుని, "ఇది ఎన్నాళ్లు పనిచేస్తుందిరా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు అమ్మేవాడి దగ్గర ఉండాలి, అదీ అచ్చులో ఉండాలి.