ఒంటి మీద పొక్కు, దానికి మనం పెట్టే పేరు

(తిరుపతిలో మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం అనగానే మనం కాన్పులు, రక్తహీనత, గర్భసంచి ఆపరేషన్ల గురించి మాట్లాడతాం. మాట్లాడాలి కూడా. వాటి ముందు నేను ఎంచుకున్న విషయం చాలా చిన్నదిగా కనిపించవచ్చు. ఒంటి మీద లేచే పొక్కులు, గుల్లలు, దద్దుర్లు. ప్రాణం తీసేవి కావు కదా అని ఆసుపత్రిలోనూ తేలిగ్గా తీసేస్తారు, ఇంట్లోనూ తేలిగ్గా తీసేస్తారు. కానీ ఆ పొక్కుకు సమాజం ఏ పేరు పెడుతుందో దాన్ని బట్టే ఆ మనిషికి విశ్రాంతి దొరుకుతుందా, అవమానం దొరుకుతుందా, అసలేమీ దొరకదా అన్నది తేలుతుంది. నేను చెప్పదలుచుకున్నది ఇదే.

మన ప్రాంతంలో పేర్లకు కొదవ లేదు. చెమటకాయలు, సెగ్గడ్డలు, పులిపిర్లు, గజ్జి, తట్టు. వీటన్నిటికన్నా పెద్ద పేరు అమ్మ. "బిడ్డకు అమ్మ పోసిండాది" అంటే చిత్తూరు పల్లెల్లో ఇంకో మాట చెప్పనక్కర్లేదు. గుమ్మానికి వేపమండలు కడతారు. బయటివాళ్లను రానివ్వరు. తాలింపు వెయ్యరు, నీచు వండరు. బిడ్డకు అంబలి, పెరుగన్నం పెడతారు. పొక్కులను పొక్కులనకుండా ముత్యాలంటారు. తగ్గాక వేపాకు, పసుపు కలిపిన నీళ్లు తలకు పోసి, గంగమ్మకు పొంగలి పెట్టుకుంటారు. ఎండలు ముదిరిన మే నెలలోనే తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాణ్ణి వెతికి చంపిన తల్లి ఆమె. ఆ జాతరలో మగవాళ్లు చీర కట్టి ఆమెకు మొక్కు తీర్చుకుంటారు. దీని మీద జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికా పరిశోధకురాలు 2013లో ఒక పుస్తకమే రాశారు.

ఇదంతా మూఢనమ్మకం అని కొట్టిపారేసే ప్రసంగం నేను చెయ్యను. ఆ ఆచారంలో ఏముందో చూడండి. జబ్బు మనిషిని వేరుగా ఉంచడం, తేలికపాటి తిండి, పూర్తి విశ్రాంతి. ఆటలమ్మ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి, అన్నీ చెక్కు కట్టేదాకా ఇతరులకు అంటుకుంటుంది. కాబట్టి గుమ్మానికి కట్టిన వేపమండ ఊరికి ఒక హెచ్చరిక. పైగా పొక్కులు పోసిన మనిషిని ఎవరూ నిందించరు. ఆమె ఒంటి మీదికి అమ్మ వచ్చింది, అంతే. ఈ సేవంతా చేసేది స్త్రీలు, ఈ పద్ధతులను తరతరాలుగా నిలిపిందీ వాళ్లే.

అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. అమ్మ అనే ఒక్క పేరు కింద వేర్వేరు జబ్బులున్నాయి. పెద్దమ్మవారు, అంటే మశూచి, మన దేశంలో చివరిసారి కనిపించింది 1975 మేలో. ప్రపంచంలోనే అది లేదని 1980లో ప్రకటించారు. దాన్ని పోగొట్టింది టీకా. ఆటలమ్మ, తట్టు ఇంకా ఉన్నాయి. ఆటలమ్మ పిల్లల్లో చాలావరకు దానంతటదే తగ్గుతుంది. గర్భిణికి వస్తే ఊపిరితిత్తులకు పాకవచ్చు. కాన్పు రోజుల్లో వస్తే పుట్టిన బిడ్డ ప్రాణానికే ముప్పు. తట్టులో జ్వరం, దగ్గు, ఎర్రబడిన కళ్లు ముందు వస్తాయి, దద్దు తర్వాత లేస్తుంది. తిండి చాలని బిడ్డకు తట్టు వస్తే న్యుమోనియా రావచ్చు, చూపు పోవచ్చు. అందుకే తట్టు వచ్చిన బిడ్డకు విటమిన్ ఏ ఇవ్వాలి. రుబెల్లా ఇంకొకటి. పైకి నాలుగు దద్దుర్లే. గర్భం తొలి నెలల్లో తల్లికి సోకితే బిడ్డ గుండె, కళ్లు, చెవులు దెబ్బతింటాయి. 2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తట్టు-రుబెల్లా టీకా పెద్ద ఎత్తున వేసింది ఇందుకే. ఇప్పుడది తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య మరోసారి ఉచితంగా వేస్తారు.

అమ్మ కోపగించుకుంటుందని డాక్టరు దగ్గరకు పోనివ్వకపోతే నష్టపోయేది బిడ్డ, నింద పడేది తల్లి మీద. పొక్కులు ఎక్కువైతే ముట్టయిన ఆడమనిషి ఎవరో ఇంట్లోకి వచ్చిందంటారు. చెవిటి బిడ్డ పుడితే కోడలి పాపమంటారు. వైరస్ చేసిన పనికి స్త్రీ శరీరం మైలను కారణంగా చూపడం పితృస్వామ్యం చేసే పని. వేపమండ కట్టడానికీ, ఏఎన్ఎమ్‌ను పిలవడానికీ మధ్య ఏ తగాదా లేదు. రెండూ చెయ్యవచ్చని ఇళ్లలో ధైర్యంగా చెప్పాలి.

ఇక ఏ దేవతా పేరు పెట్టని పొక్కుల సంగతి. చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. సీజనులో తోతాపురి కాయలు కడిగి, తొక్క తీసి, ముక్కలు కోసే పనిలో వందల మంది స్త్రీలుంటారు. కాయ తొడిమ దగ్గర కారే సొన చర్మానికి తగిలితే మంట పుడుతుంది, గుల్లలు లేస్తాయి, మచ్చలు మిగులుతాయి. మామిడిదీ జీడిమామిడిదీ ఒకే కుటుంబం. జీడిగింజ పెంకులోని నూనె లాంటి పదార్థాలే మామిడి సొనలోనూ ఉన్నాయి. వాటికి ఒళ్లు ఒకసారి అలవాటుపడి ఎదురు తిరగడం మొదలుపెడితే, తర్వాత కొంచెం తగిలినా పొక్కులు వస్తాయి. చాలాసార్లు అవి తగిలిన రోజు కాక, మరునాడో ఆ మరునాడో లేస్తాయి. దాంతో పనికీ పొక్కుకూ ఉన్న సంబంధం తెలియకుండా పోతుంది. వేడి చేసిందనుకుంటారు.

వేరుశనగ చేలల్లో కలుపు తీసే స్త్రీలది ఇంకో కథ. గట్ల మీదా బీళ్లలోనూ తెల్లపూలతో పెరిగే వయ్యారిభామ మన దేశంలో 1950లలో పుణె దగ్గర బయటపడింది. కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. దాని ఆకుల్లో, పూలల్లో ఉండే పార్థెనిన్ అనే పదార్థం వల్ల కనురెప్పల మీద, మెడ మీద, మోచేతి మడతల్లో దురదపొక్కులు లేచి చర్మం మందమెక్కుతుంది. ఉత్త చేతులతో దాన్ని పీకేది కూలికి పోయే ఆడమనిషి. చేతులు పాడుచేసే కలుపుకు కూడా సింగారించుకున్న ఆడదాని పేరే దొరికింది మన సమాజానికి!

ఇక్కడే తేడా చూడండి. అమ్మ పోస్తే ఇంట్లో పడుకోవచ్చు. సొన తగిలితే పడుకోవడానికి లేదు. మర్నాడు పనికి రాకపోతే కూలి లేదు, మేస్త్రీ ఇంకొకరిని పెట్టుకుంటాడు. పేరు లేని జబ్బుకు సెలవు లేదు, పరిహారం లేదు.

చట్టంలో పేరు ఉంది. 1923 నాటి నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలులో, భౌతిక, రసాయన, జీవ కారకాల వల్ల వచ్చే చర్మవ్యాధులను వృత్తి జబ్బులుగా చేర్చారు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఆ జాబితా ఉంది. అయితే ఆ భాగం కింద జబ్బును పనివల్ల వచ్చినదిగా లెక్కగట్టాలంటే ఒకే యజమాని దగ్గర కనీసం ఆరు నెలలు ఎడతెగకుండా పనిచేసి ఉండాలి. మామిడి సీజను మహా అయితే రెండు మూడు నెలలు. కూలి మనిషి రోజుకో చేలో ఉంటుంది. అంటే ఈ చట్టం రాసిన తీరులోనే ఈ స్త్రీలు లేరు.

పేరు హక్కును తీసేయగలదు కూడా. కుష్ఠువ్యాధిలో ముఖం మీద, చెవి తమ్మెల మీద చిన్న గడ్డలు లేవవచ్చు, స్పర్శ లేని మచ్చలు రావచ్చు. మందులు ఉచితం, రకాన్ని బట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో వాడితే నయమవుతుంది. అయినా 1955 హిందూ వివాహ చట్టం దాన్ని విడాకులకు కారణంగా ఉంచింది. ఆ కారణాన్ని తొలగించడానికి 2019 దాకా పట్టింది. ఈలోగా మచ్చ కనబడిన భార్య వైద్యానికి పోవాలా, దాచుకోవాలా? దాచుకునేది. దాచిన కొద్దీ వేళ్లు వంకర పోయేవి. చట్టం మారింది గాని ఆ భయం ఇంకా ఇళ్లలోంచి పోలేదు.

మనమేం చెయ్యగలం? పొక్కు చూపించిన ప్రతి స్త్రీనీ మొదట ఏ పని చేస్తున్నావని అడుగుదాం. ఎప్పుడు లేచింది, ఒంటి మీద ఎక్కడ, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, రాత్రిళ్లు దురద ఎక్కువా? వేళ్ల సందుల్లో, రాత్రిపూట, ఇంటిల్లిపాదికీ ఉంటే గజ్జి కావచ్చు. అప్పుడు అందరికీ ఒకే రోజు మందు రాయాలి, లేకపోతే మళ్లీ వస్తుంది. హాస్టలు పిల్లలను మురికివాళ్లని తిట్టినందువల్ల గజ్జి పోదు. పనివల్ల వచ్చిందనిపిస్తే చీటీ మీద ఆమె చేసే పని పేరు కూడా రాయమని డాక్టరును అడుగుదాం. ఆ ఒక్క మాట రేపు సాక్ష్యమవుతుంది. చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కాలు, సొన తగిలిన వెంటనే కడుక్కోవడానికి సబ్బూ నీళ్లూ యజమాని ఇవ్వాలని ఒక్కరుగా కాక గుంపుగా అడుగుదాం. సీజను కూలీలకు ఆరు నెలల షరతు తీసెయ్యాలని మన సంఘాల తీర్మానాల్లో రాద్దాం.

1991లో హైదరాబాదు స్త్రీలు 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చినప్పుడు, మన శరీరం గురించి మనమే అడిగి తెలుసుకోవాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన. ఈ పొక్కులూ ఆ సందేహాల్లోవే. ముత్యాలని పేరు పెట్టి బిడ్డలకు విశ్రాంతి సంపాదించుకున్న స్త్రీలం, సొన గుల్లలకు పనిజబ్బు అని పేరు పెట్టి మన విశ్రాంతినీ సంపాదించుకోవాలి.