ఇషా దాటాక ఇల్లు చేరే సోదరి



అమీర్‌పేటలో బట్టల దుకాణంలో పనిచేసే ఒక సోదరి ఆమధ్య నన్ను ఒక మస్అలా అడిగారు. పండుగల ముందు దుకాణం మూసేసరికి రాత్రి పది దాటుతుంది. మెట్రో దిగి ఇల్లు చేరాక వంట, ఆపైన అంట్లు. "మౌలానా సాబ్, ఇషా చేసేసరికి పదకొండున్నర అవుతోంది. గునాహ్ అవుతుందా?"

ఇషా వేళ ఫజ్ర్ వేళ ప్రవేశించేవరకు ఉంటుందని, కారణం లేకుండా అర్ధరాత్రి దాటించడం మక్రూహ్ అని హనఫీ ఫిఖహ్ ప్రకారం చెప్పి పంపాను. జవాబు సరైనదే. అయితే, ఇషా జమాఅతు ముగించుకుని తొమ్మిదిలోపే ఇల్లు చేరే ఆమె భర్త అంతసేపూ ఏమి చేస్తుంటాడని నేను అడగలేదు. అడగవలసింది.

పంజాగుట్ట నిమ్స్‌లో నర్సులు రేయింబవళ్ళు వంతులవారీగా పనిచేస్తారు. మన తల్లి ఆసుపత్రిలో ఉంటే రాత్రి డ్యూటీకి స్త్రీయే ఉండాలని కోరుకుంటాం. ఆ నర్సు మన కోడలైతే, తెల్లవారి రాగానే పొయ్యి వెలిగించమంటాం!

దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఏమి చేసేవారని అస్వద్ (రహ్మలై) అడుగగా, ఇంటివారి పనులలో ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. మనం నమాజుకు బయలుదేరడాన్ని మాత్రమే సున్నతుగా పట్టుకున్నాం.

ఇక జీతం సంగతి. స్త్రీ ఆర్జన స్త్రీదేననడానికి సూరా నిసా 32వ ఆయతు ఆధారం. పోషణ భారం భర్తది. ఆమె ఇంటికి ఖర్చు పెడితే అది ఆమె చేసే ఉపకారం.

ఈ రాత్రి ఇషా ముగించి వెళ్ళాక అన్నం వండి ఉంచండి. వండడం రానివారు అంట్లు తోమండి.