ఊరి పైసల లెక్క గురించి
(చందుర్తి మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)

బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వివరాలు ఈ పుస్తకంల అచ్చయినయి, మళ్ళ చదవం. మేము గ్రామ పంచాయతీ పైసల గురించి మాట్లాడుతం.

2024 ఫిబ్రవరి 1న పాత సర్పంచుల పదవీకాలం అయిపోయింది. 2025 డిసెంబర్‌ల ఓట్లయ్యేదాక, అంటే రెండేండ్లకు కొంచెం తక్కువ, ప్రత్యేకాధికారులే ఊర్లను చూసుకున్నరు. వాళ్ళకు సొంత ఆఫీసు పని వేరే ఉంటది. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగినయి. పైసలు ఆగితే ముందుగాల తెలిసేది ఆడోళ్ళకే. చెత్త ట్రాక్టరుకు డీజిల్ లేకపాయె, నల్లా మోటరు కాలితే నాలుగు రోజులు బిందెలు మోసుడాయె. మోరీలు తీసే కార్మికులకు నెలకు 9,500 రూపాయలు, అవి కూడ ఏ నెలవి ఆ నెల రాలేదు. వాళ్ళల్ల మన సంఘం సభ్యులున్నరు, పొదుపు కట్టనీకె వాళ్ళు ఎంత తిప్పలపడ్డరో మీటింగులల్ల చూసినం.

ఇప్పుడు కొత్త సర్పంచులు వచ్చిండ్రు. పైసలు వస్తే ఎట్ల ఖర్చయితయో మనకు తెలిసి ఉండాలె. 15వ ఆర్థిక సంఘం లెక్కల లక్ష రూపాయలు వస్తే 60 వేలు ఇష్టమొచ్చిన పనికి పెట్టనీకె లేకుండె. 30 వేలు మంచినీళ్ళకు, 30 వేలు పారిశుధ్యానికే. మిగిలిన 40 వేలు ఊరి అవసరాన్ని బట్టి, అవి కూడ జీతాలకు కాదు. పంచాయతీ బడ్జెట్ల పదో వంతు చెట్లకు పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెప్తది. అందుకే "మోరీకి పైసల్లేవు" అని ఎవరన్న అంటే, "పారిశుధ్యం వాటా ఎంతొచ్చింది, ఎందుల పెట్టిండ్రు" అని అడుగున్రి. ఆ సంఘం గడువు 2026 మార్చితో అయిపోయింది. ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం. పద్ధతి మారితే సెక్రటరీ సారుతోని గ్రామసభల చదివించుకోవాలె.

అడుగుడు ఒక్కటే కాదు, రాసిచ్చే హక్కు కూడ ఉన్నది. ఏటా గ్రామ పేదరిక నిర్మూలన ప్రణాళిక మన వీవోలే తయారు చేస్తయి. పింఛన్ రానోళ్ళు, పని కావాలన్నోళ్ళు, రోడ్డు, నీళ్ళు అన్నీ అండ్ల రాస్తం. అది పంచాయతీ అభివృద్ధి ప్రణాళికల కలవాలె. కొన్ని ఊర్లల్ల ఫారాలు నింపి ఫోటో దిగుడుతోనే ఆగుతున్నది. మా ఊర్ల బడి దగ్గరి మోరీని అండ్ల రాసినం, గ్రామసభల నిలబడి చదివినం, తీర్మానం పుస్తకంల ఎక్కేదాక లేవలేదు. పని ఇంక కాలేదు. కాని పుస్తకంల ఉన్నది, ప్రతి సభల అదే పేజీ తీయమంటం.

సర్కారు పైసల పని మనకు చేతకాదనేటోళ్ళు 2024ల అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను చూడాలె. వీవో అధ్యక్షురాళ్ళే ముందుండి బడి పనులు చేయించిండ్రు.

వార్డు మెంబర్లుగ గెలిచిన సంఘం చెల్లెండ్లకు ఒక మాట. కుర్చీల మీరే కూసోవాలె, ఇంటాయన కాదు. సంఘం తీర్మానం చదవకుండ సంతకం పెడ్తమా? ఆడ కూడ అంతే. ఊరి ఖర్చు ఈ-గ్రామ్ స్వరాజ్‌ల ఉంటది, మన పిల్లలు ఫోన్ల తీసి చూపిస్తరు.

చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ కావాలె. అది పొద్దున 11 గంటలకు పెడితే నాట్లకు, కలుపుకు పోయినోళ్ళు ఎట్ల వస్తరు? సాటింపు రెండు రోజుల ముందే వేయాలని, సభ సాయంత్రం 5 తర్వాత పెట్టాలని తీర్మానం రాసుకొచ్చినం. అన్ని వీవోల అధ్యక్షురాళ్ళు సంతకాలు పెడితే ఎంపీడీవో ఆఫీసుల ఇస్తం. కాయిదం ముందు వరుస నుంచి వస్తున్నది, చదివి పెట్టున్రి.