ఇంటర్వ్యూకు వెళ్లడం లేదా? ముందే చెప్పండి

అమెరికాలో పశువైద్య విద్య చదవాలనుకునేవారు వీఎంకాస్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా ఒకేసారి పలు కళాశాలలకు ప్రయత్నించవచ్చు. ఇంటర్వ్యూలు ఎక్కువగా చలికాలంలో, ఒక్కో కళాశాలలో ఒక్కో తేదీన జరుగుతాయి. అందువల్ల కోరుకున్న చోట సీటు ఖాయమయ్యాక కూడా మరో కళాశాల నుంచి పిలుపు రావచ్చు.

అప్పుడు మౌనంగా ఉండిపోకండి. ఆ కళాశాల ప్రవేశాల కార్యాలయానికి వెంటనే ఈమెయిల్ రాయండి. మీ పేరు, దరఖాస్తు సంఖ్య, ఇంటర్వ్యూ తేదీ తప్పక ఉండాలి. “పిలిచినందుకు కృతజ్ఞతలు. నేను వేరే కళాశాలలో చేరాలని నిర్ణయించుకున్నాను. దయచేసి నా దరఖాస్తును ఉపసంహరించండి.” ఈ మూడు వాక్యాలు చాలు. ఎక్కడ చేరుతున్నారో, ఎందుకో వివరించనక్కరలేదు.

ఒక్క జాగ్రత్త. ఫీజులు, ఉపకార వేతనాలు పోల్చుకోవాలనుకుంటే ఆ లెక్క ముందే తేల్చుకోండి. వెనక్కి తీసుకున్న దరఖాస్తును మళ్లీ పరిశీలించమని అడగడం కష్టం. తుది నిర్ణయానికి సాధారణంగా ఏప్రిల్ 15 వరకు గడువుంటుంది. కానీ మనసు స్థిరపడ్డాక అంతవరకూ ఆగవద్దు. మీరు వదులుకున్న అవకాశం, పిలుపు కోసం ఎదురుచూస్తున్న మరో విద్యార్థికి దక్కవచ్చు. అది సాటివారికి మీరు చేయగల నిజమైన మేలు.