మందుకు లొంగనిది నిప్పుకు లొంగుతుంది

(ఉత్సవాల సందర్భంగా ఆస్థాన మండపంలో చేసిన ప్రసంగ పాఠం)

భగవద్రామానుజులు శ్రీభాష్యంలో భక్తికి ఏడు సాధనాలు చెబుతూ మొట్టమొదట వివేకాన్ని నిలిపారు. ఆ వివేకం ఆహారానికి సంబంధించినది. అన్నానికి జాతి, ఆశ్రయ, నిమిత్త దోషాలని మూడు. మొదటి రెండింటిపై మనవారు పూటల తరబడి వాదిస్తారు. మూడవదానిని పట్టించుకునేవారు తక్కువ. పదార్థం మంచిదే అయినా మాలిన్యం సోకి చెడడం నిమిత్తదోషం. నేటి నా మాట దానిని గురించే.

దర్శనం కాగానే మనం వెళ్లేది మాడవీధి చివర ఉన్న బండ్ల దగ్గరకే. పూరీ నూనెలో వేగినదే, అందులో నింపే నీరు మాత్రం కాగినది కాదు. బజ్జీ సలసల కాగే నూనెలోనుండి వస్తుంది. దానిపై చల్లే ఉల్లి, కొత్తిమీర ఏ నీటిలో కడిగినవో! చెరకురసంలో వేసే మంచుగడ్డ సంగతీ అంతే.

పూర్వం ఇటువంటి నీటివల్ల వచ్చే జబ్బులకు మందు పనిచేసేది. నేడు కొన్ని సూక్ష్మక్రిములు యాంటీబయాటిక్ మందులకు లొంగడం లేదు. పెనిసిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ మహాశయుడు 1945లో నోబెల్ బహుమతి అందుకొన్నప్పుడే, చాలీచాలని మోతాదులో వాడితే క్రిములు మందును తట్టుకోవడం నేర్చుకుంటాయని హెచ్చరించాడు. 2011లో వెలువడిన ఒక పరిశోధనలో, ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171 పరీక్షించగా 51లో, కుళాయినీటి నమూనాలు 50 పరీక్షించగా రెండింటిలో, అతి బలమైన మందులను కూడ నిర్వీర్యం చేసే జన్యువు కనిపించింది. ఆ జన్యువును ఒక క్రిమి మరొక జాతి క్రిమికి సైతం అందించగలదు. విద్యాదానంలో అంతటి ఔదార్యం మా పాఠశాలల్లో కూడ నేను చూడలేదు!

అది కడుపులో చేరినవాడికి వెంటనే ఏమీ కాకపోవచ్చు. యాత్ర ముగించుకొని దానిని ఇంటికి మోసుకుపోతాడు. కొన్నాళ్లకు మూత్రకోశానికో, శస్త్రచికిత్స గాయానికో అదే సోకితే వైద్యుడు ఇచ్చిన మందు పనిచేయదు. ఇంటిలోని పసివారికి, వృద్ధులకు అది ప్రాణాంతకం కూడ కావచ్చు.

అయితే మందుకు లొంగనిది నిప్పుకు లొంగుతుంది. బాగా ఉడికిన పదార్థంలో ఆ క్రిమి కూడ చస్తుంది. కనుక మీ కళ్లముందు వేడిగా దిగినదే తినండి. తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఆచమనం దానికి బదులు కాదు.

విరేచనాలు పట్టుకోగానే దుకాణంలో రెండు మాత్రలు కొని మింగడం మన యాత్రికులకు అలవాటు. మాత్రల పట్టీపై నిలువుగా ఎర్రగీత ఉంటే వైద్యుడు చెప్పనిదే వాడకండి. చాలా విరేచనాలకు ఆ మందు అవసరమే లేదు, కావలసింది ఓఆర్ఎస్. 1971లో శరణార్థి శిబిరంలో కలరా ప్రబలినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, చక్కెర నీటితోనే అనేకుల ప్రాణాలు నిలిపాడు. నెత్తురు పడినా, జ్వరం వచ్చినా వైద్యుని వద్దకు వెళ్లాలి.

బండివారిని తిట్టి లాభం లేదు. తెల్లవారుజామున బిందెడు నీరు తెచ్చుకొని రాత్రివరకు దానితోనే నెట్టుకొచ్చేవాడు చేతులెన్నిసార్లు కడుగుతాడు? మన దాతలు ఫ్యాను రెక్కలపై కూడ పేర్లు వ్రాయించుకొన్నారు. బండ్ల వరుసలో ఒక మంచినీటి కుళాయి, దాని పక్కన ఏడాదికి సరిపడే సబ్బు ఇచ్చేవారు కావాలి. పేరు వ్రాయడానికి అక్కడ గోడ కూడ ఉంది.