కష్టం రావడం, కష్టం చేయడం, కష్టపడటం

తెలుగులో బాధను చెప్పే మాటలు చాలా ఉన్నాయి. నొప్పి, వెత, గోడు, యాతన, దుఃఖం అన్నీ ఇప్పటికీ నోటనో రాతలోనో వినిపిస్తూనే ఉన్నాయి. అయితే మనిషి అనుభవించే బాధను, పొట్టకూటికి చేసే పనిని కలిపి ఒక్క మాటతో చెప్పవలసి వచ్చినప్పుడు తెలుగువారు పట్టుకునేది 'కష్టం' అనే మాటనే. ఈ రెండు అర్థాలు ఒకచోట ఎలా చేరాయో, వాడుకలో జనం వాటిని ఎలా వేరుచేసి పలుకుతున్నారో పరిశీలించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

'కష్టం' తత్సమం, అంటే సంస్కృత రూపాన్ని దాదాపు అలాగే నిలుపుకొని, చివర మాత్రం తెలుగు ప్రత్యయం చేర్చుకున్న పదం. దీనికి మూలమైన 'కష' ధాతువుకు ఒరుసుకోవడం, హింసించడం అనే అర్థాలున్నాయి. బంగారాన్ని గీసి చూసే గీటురాయికి 'నికషం' అనే పేరు వచ్చింది కూడా ఈ ధాతువు నుంచే. పాణిని అష్టాధ్యాయి ఏడో అధ్యాయం, రెండో పాదం, 22వ సూత్రంలో 'కష్ట' అనే రూపాన్ని కృచ్ఛ్రం, గహనం అనే రెండు అర్థాల్లో సాధించాడు. కృచ్ఛ్రమంటే బాధాకరమైనది, గహనమంటే చొరరానిది. ఈ రెండో అర్థానికి పాణిని సూత్రాలపై వ్యాఖ్యానమైన కాశికావృత్తి అడవులను, కొండలను ఉదాహరణలుగా చూపుతుంది. అమరసింహుడు తన నిఘంటువులో ఈ పదాన్ని నరకవర్గం చివర పీడ, బాధ, వ్యథ, దుఃఖం అనే మాటల పక్కన చేర్చాడు. కూలినాలి చేసుకొని బతకడమనే అర్థం ఆ వరుసలో ఎక్కడా లేదు.

మరి పని అనే అర్థం ఎక్కడిది? దీనికి సమాధానం తెలుగులోనే, 'పడు' క్రియ నుంచి ఏర్పడిన 'పాటు' అనే అచ్చతెలుగు మాటలో దొరుకుతుంది. ఊరి బాగు కోసం పాటుపడ్డాడంటే పనిచేశాడని, పడరాని పాట్లు పడ్డాడంటే బాధలు అనుభవించాడని అర్థం. తమిళంలో కూడా ఇదే మాట ఈ రెండు అర్థాలనూ మోస్తున్నది కాబట్టి, పనిని బాధతో ముడివేసి చెప్పడం దక్షిణాది భాషల్లో ఏనాటినుంచో ఉన్న అలవాటని, సంస్కృత పదం వచ్చి ఆ పాత పీటమీదే కూర్చున్నదని భావించడం సమంజసం. పొరుగునున్న మరాఠీలో సైతం 'కష్ట' అంటే కాయకష్టమే, కూలిజనాన్ని అక్కడ 'కష్టకరీ' అంటారు. హిందీలో మాత్రం ఆ మాట ఇబ్బంది, బాధ అనే అర్థాల దగ్గరే ఆగిపోయింది.

ఒకే మాటకు రెండు అర్థాలుంటే వినేవారు తికమకపడాలి. తెలుగువారు పడటం లేదు, ఎందుకంటే ఏ అర్థమో పక్కనున్న క్రియ తేల్చేస్తుంది. కష్టం 'వచ్చింది' అంటే అది ఆపదే, పని కాదు. కష్టం 'చేసుకొని' బతుకుతున్నామంటే అది పనే, ఆపద కాదు. వచనం కూడా ఇలాగే పనిచేస్తుంది. వడగళ్ళకు పంట పోయిన రైతు "నా కష్టమంతా నేలపాలైంది" అంటే ఆరు నెలల పని పోయిందని అర్థం. అదే మనిషి "నా కష్టాలు ఎవరికి చెప్పుకోను" అంటే అప్పులు, జబ్బులు, ఇంటి దిగుళ్ళు కళ్ళముందు కదులుతాయి. పాటుపడటానికీ పాట్లు పడటానికీ ఉన్న తేడా కూడా ఇదే. నొప్పి అంటే ఏ నొప్పైనా కావచ్చు గానీ, నిండుచూలాలికి నొప్పులు వస్తున్నాయంటే అవి ఏ నొప్పులో ఎవరూ అడగరు. ఇంత సున్నితమైన వ్యవస్థను బడి చదువు లేనివారు సైతం తడుముకోకుండా నడుపుతున్నారు. దీనికి వ్యాకరణ గ్రంథాల్లో దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు.

రెండు అర్థాలూ విడదీయరాకుండా కలిసేది 'కష్టపడు' అనే మాటలో. వరినాట్లలో ఆడవాళ్ళు నడుము వంచి, ఎడమచేతిలో నారు కట్ట పట్టుకొని, వెనక్కి వెనక్కి జరుగుతూ మునుం సాగిస్తారు. పొద్దుగూకేసరికి నీళ్ళలో నానిన కాళ్ళు పాసి, వేళ్ళ సందులు ఒరుసుకుపోతాయి. వారు కష్టపడ్డారని చెప్పినప్పుడు అందులో పని ఎంత, నొప్పి ఎంత అని తూచడం ఎవరివల్లా కాదు. 'బాధపడు' అని ఎవరూ ఎవరికీ హితవు చెప్పరు, 'కష్టపడు' అని మాత్రం ప్రతి తండ్రీ కొడుక్కి చెబుతాడు. అంటే తెలిసి, ఇష్టపడి తలకెత్తుకున్న బాధకే ఈ మాట వర్తిస్తుందన్నమాట. తల్లిని 'కష్టపెట్టాడు' అన్నప్పుడు ఆ ఇష్టం తొలగిపోయి, బాధ ఒక్కటే మిగులుతుంది.

ఇటీవలి రాతల్లో ఈ మాట ఉండవలసిన చోట శ్రమ, కృషి అనే మాటలు ఎక్కువవుతున్నాయి. అవి మంచి మాటలే, కాని వాటిలో ఒంటినొప్పి వినిపించదు. శ్రమకు విలువ కడతారు, కృషిని అభినందిస్తారు. కష్టాన్ని మాత్రం తీర్చుకోవలసిన బాకీగా చూస్తారు. పొద్దుగూకే వేళ గట్టుమీద కూలి డబ్బులు లెక్కపెడుతూ, చిల్లర చాలకపోతే పక్కవారి దగ్గర చేబదులు తీసుకొనైనా సరే, "ఒకరి కష్టం ఉంచుకోకూడదమ్మా" అంటూ ఆ పూటకు ఆ పూటే చేతిలో పెట్టే పెద్దలు పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. ఆ వాక్యంలో 'కష్టం' తీసి 'శ్రమ' అని పెడితే అది ఎవరి నోటా పలకదు.